చెంచి పేరున స్నానం

ప్రజోత్పత్తి, ఉగాది

కిటికీలో కొత్త సంవత్సరం వచ్చింది. మనకి కాదు, వాళ్ళకి. మన లెక్కలో ఇది ట్యాంకరు వచ్చే రోజు, అంతే. కిటికీ అవతల 1631. అక్కడ నిన్నటితో అయిపోయిన ఏడు పేరు ప్రమోదూత. పేరు నిండా సంతోషమే, పడింది మాత్రం చుక్క వాన లేదు. ఈ ఏడు ప్రజోత్పత్తి. ఈ పేర్లు పెట్టిన పెద్దలు ఒక్క పూట బందరు దారిలో నిలబడి ఉంటే మరో పేరు వెతుక్కునేవాళ్ళు.

దినచర్య మొదటి పేజీలో వివరాలు రాయాలట. చూపరి: భ్రమరాంబ. చోటు: పాత బందరు ఉప్పుమడి కేంద్రం. తోడు: మస్తాన్‌బీ. పంపు, వంట, తిట్లు ఆమెవి.

ట్యాంకరు డ్రైవరు ఇవాళ కూడా అడిగాడు, గోల్కొండ నవాబు కనిపిస్తాడా అని. కనిపించడు నాయనా, ఈ కిటికీ ఎక్కడ నిలబెడితే అక్కడిదే చూపిస్తుంది. మేం నిలబెట్టిన చోట అప్పట్లో ఒక ఎండిన వాగు, దాని పక్కన బండ్ల దారి. వాళ్ళకి తెల్లవారితే మాకూ తెల్లవారుతుంది. వెనక్కి తిప్పడం లేదు, దాచుకోవడం లేదు. చూసింది రాసుకోవాలి, చూడనిది పోయినట్టే. వాళ్ళు మాట్లాడితే వినబడుతుంది. మనం మాట్లాడితే మన గోడలకే వినబడుతుంది.

పొద్దున పై ఊళ్ళ నుంచి ముగ్గురు వచ్చి వాగులోకి దిగారు. మొగుడూ పెళ్ళాం, ఆరేళ్ళ పిల్ల. నేతగాళ్ళు. అతను కొబ్బరిచిప్పతో ఇసక తోడి చలమ తీశాడు. అడుగున నీరు ఊరేదాకా ముగ్గురూ గుంటలోకి చూస్తూ కూర్చున్నారు. తర్వాత అతను బట్టల మూట నెత్తికెత్తుకున్నాడు.

“బందరులో ఇది అమ్మి నూకలు తెత్తా. చలమ కాడ నుంచి కదలమాకు పోలీ. మళ్ళీ ఎక్కడని ఎతకను?”

“ఎప్పుడొత్తావు?”

“అమాస లోపల.”

“నాకు బెల్లం,” అంది పిల్ల.

“బెల్లమంట! మారాణీ చెంచమ్మగారికి బెల్లం కావాలంట!” అని అతను నవ్వాడు. నవ్వుతూనే గట్టెక్కి వెళ్ళిపోయాడు. అతని పేరు గంగన్న.

ప్రతి చూపరీ ఒక ఇల్లు పట్టుకోవాలి. అందరినీ చూస్తే ఎవరినీ చూడనట్టే అవుతుందని పాత చూపరులు చెప్పిన మాట. నేను ఈ ఇల్లు పట్టుకున్నాను. నిజానికి పట్టుకున్నది ఆ బెల్లం అడిగిన గొంతును.


వైశాఖం, వెన్నెల రోజులు

దారి నిండా జనం. అందరూ బందరుకే. సముద్రం పక్కన అన్నం ఉంటుందని ఎవరు చెప్పారో. కొందరు వాగు దాకా రాగలిగారు, దాటలేకపోయారు.

ఈ వారంలో ఎన్ని స్నానాలు చేశానో రాయను. ఈ కిటికీలన్నీ నడిపే మా కచేరీ దగ్గర లెక్క ఉంది.

ఈ స్నానం సంగతి కచేరీ కనిపెట్టింది కాదు. చావు కబురు విన్నవాళ్ళు తలమీద నీళ్ళు పోసుకోకుండా పొయ్యి దగ్గరికి వెళ్ళకూడదని ముందు తరం చూపరుల ఇళ్ళలో ఉండేది. వాళ్ళు దాన్ని ఇక్కడికి తెచ్చుకున్నారు. ఎన్నో వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళకి ఇప్పుడు మైలేమిటని కచేరీ నవ్విందట. స్నానం మానేసిన చూపరులు ఒక్కొక్కరే కిటికీ ముందు కూర్చోలేక ఇళ్ళకి పోయారు. అప్పుడు నవ్వడం ఆపి, రాసిన ప్రతి చావుకీ ఒక బకెట్టు మైలనీళ్ళు మంజూరు చేసింది. చుట్టూ చూపు ఆనినంత మేరా ఉప్పునీళ్ళున్న చోట బకెట్టు మంచినీళ్ళంటే మాటలు కాదు.

మైల తీరిన మనిషి గురించి మళ్ళీ రాయకూడదు. పట్టుకున్న ఇంట్లో కిటికీకి కనబడుతున్న అందరికీ మైల తీరితే కిటికీ కట్టేస్తారు. ఒకసారి కడితే ఆ చోటికి, ఆ కాలానికి మళ్ళీ తెరుచుకోదు. ఇవి రెండూ రాతపూర్వకంగా ఉన్న నిబంధనలు.

కిటికీకీ నీళ్ళు కావాలి. దాని వెనక గొట్టాల్లో మంచినీళ్ళు తిరుగుతూ ఉండాలి. ట్యాంకులో మట్టం పడిపోతే బొమ్మ మసకబారుతుంది. అప్పుడు మస్తాన్‌బీ పంపు మీద పడి దాని ఏడు తరాలనూ తిడుతుంది.

“నీ సచ్చినోళ్ళకీ, నీ కిటికీకీ పోసేస్తే నా పప్పు దేంతో ఉడకాలే అమ్మాయ్?” అంది ఇవాళ.

అంటుంది గానీ, ఆమె కూడా ఊరుకోదు. స్నానం చెయ్యదు. రెండు చేతులూ మొహం ముందు పట్టుకుని తన ప్రార్థన తను చెప్పుకుంటుంది. పేరు తెలియనివాళ్ళకీ చెబుతుంది. ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది.


వైశాఖం, చీకటి రోజులు

కచేరీ రోజూ సాయంత్రం అన్ని కేంద్రాలకీ ఆ ఏటి ప్రపంచ వార్తలు చదువుతుంది. పడమటి దేశాల్లో మతం పేరు మీద యుద్ధం జరుగుతోంది. ఒక జర్మను పట్టణాన్ని సైన్యం గోడలు పగలగొట్టి తగలబెట్టింది. ఊరు ఊరంతా పోయింది. అక్కడి చూపరులకి ట్యాంకరు నిండా మైలనీళ్ళు ప్రత్యేకంగా పంపారట. పంపాల్సిందే. వార్త వినడమే నావల్ల కాలేదు, కళ్ళారా చూసినవాళ్ళు ఏమైపోయి ఉంటారు?

కానీ మా దారి గురించి ఒక్క ముక్క లేదు. మా అధికారి దేవసహాయం గారికి ఫోను చేసి అడిగాను.

“మీది కరువు కదండీ భ్రమరాంబగారూ,” అన్నాడు, ఎంతో మర్యాదగా. “కరువు సంఘటన కాదు, పరిస్థితి. దానికి తేదీ ఉండదు. తేదీ లేనిది వార్తల్లో ఎలా పెట్టమంటారు?”

“చచ్చిన ప్రతివాళ్ళకీ తేదీ ఉందండీ. నేనే రాశాను.”

“అదే మీతో చెబుదామనుకుంటున్నా. మీ కేంద్రంలో మైలనీళ్ళు మరీ ఎక్కువగా పోతున్నాయి. ఇకనుంచి చావుకి ఒక చెంబు. మీరు పట్టుకున్న ఇంటివాళ్ళకి మాత్రం బకెట్టు ఉంటుంది.”

అమావాస్య వచ్చి పోయింది. గంగన్న రాలేదు. రెండో అమావాస్య కూడా దగ్గరపడింది.

పోలి చలమ దగ్గరే ఉంది. రోజూ కూలిన ఇసక తోడుతుంది. దారిన పోయేవాళ్ళు దిగివస్తే కొబ్బరిచిప్పతో దోసిట్లో పోస్తుంది. బందరు నుంచి తిరిగి వచ్చేవాళ్ళని మాత్రం ముందు అడిగి, తర్వాత పోస్తుంది.

“మా వోడు కనపడ్డాడా? పొట్టిగా ఉంటాడు. ఒక చెవికి పోగుండదు. గంగన్నంటారు.”

కనపడలేదని చెప్పి తాగి పోతారు. ఒకాయన తాగాక చెంచి తల నిమిరి, అక్కడ శవాలు ఎత్తే దిక్కు లేదమ్మా అన్నాడు. పోలి విననట్టే ఇసక తోడింది.


జ్యేష్ఠం, చీకటి రోజులు

ఇవాళ వార్త తేదీతో సహా వచ్చింది. బుర్హాన్‌పూరులో మొగలు పాదుషాగారి బేగం ప్రసవంలో పోయింది. పద్నాలుగో కానుపు. రాత్రి పడేలోగా అన్ని కేంద్రాల్లో అందరూ ఆమె పేరున తలస్నానం చెయ్యాలని ఆజ్ఞ. మనిషికి నిండు కడవ చొప్పున నీళ్ళు ముందే వచ్చేశాయి.

ఆమె మీద నాకు కోపం లేదు. నలభై కూడా నిండలేదు, పాపం. ఆ బిడ్డల్లో సగం మందిని ఆమే మట్టిలో పెట్టుకుందట. నా కోపం కడవ మీద.

“ఆమెదీ పేణమే, ఈళ్ళదీ పేణమే,” అంది మస్తాన్‌బీ. “ఈళ్ళకేమో చెంబు, ఆమెకేమో కడవా?”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆమె కడవ పట్టుకెళ్ళి కిటికీ ట్యాంకులో పోసేసింది. నేను బేగంగారి పేరు చెప్పి ఒక చెంబు నెత్తిన పోసుకుని, మిగతాది తీసుకెళ్ళి అందులోనే పోశాను. ఆమె ఏమీ అనుకోదని నా నమ్మకం. కిటికీ కడిగిన గాజులా తేటగా అయింది. అయ్యాక కనిపించింది ఇది.

శుభ్రమైన తలపాగా చుట్టుకున్న మనిషి వాగులోకి దిగాడు. కడుపు నిండిన మనిషిని చూసి ఎన్నాళ్ళయిందో. వాడు పోలికి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

“పిల్లనియ్యి. తవ్వెడు బియ్యమిత్తా. పిల్లకి ఓడలో రోజూ గంజి పోత్తారు.”

“ఓడెక్కడికి పోతది?”

“సముద్రం అవతలికి. ఆడ కరువు లేదు.”

“మళ్ళీ ఎప్పుడొత్తది?”

“ఈడ ఉంటే ఎన్నాళ్ళుంటదో నువ్వే చూసుకో,” అన్నాడు.

“ఆళ్ళ నాయన వచ్చి, నా బిడ్డేదే అంటే నేనేం చెప్పను?”

“వత్తే కదా!”

పోలి గుప్పెడు ఇసక తీసి వాడి మొహాన కొట్టింది. వాడు తిట్టుకుంటూ గట్టెక్కాడు. చెంచి తల్లి వీపు వెనక నుంచి తొంగి చూసింది. వాడు కాస్త దూరం పోయాక పోలి ఉన్నట్టుండి లేచి, పిల్ల చెయ్యి పట్టుకుని వాడి వెనక గట్టు దాకా పరుగెత్తింది. అక్కడ ఆగిపోయింది.

ఇచ్చెయ్యమని అరిచాను. వెంటనే వద్దు వద్దని అరిచాను. ఏది మంచిదో నాకిప్పటికీ తెలియదు. పోలి తిరిగివచ్చి చలమ దగ్గర కూర్చుని పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుంది. పిల్ల కాళ్ళు ఒళ్ళో ఇమిడిపోయాయి. ఉగాది నాడు ఇమిడేవి కావు.


ఆషాఢం, వెన్నెల రోజులు

పోలి పోయింది.

రెండు రోజులుగా చిప్పలో నీళ్ళు పిల్ల నోట్లోనే పోస్తోంది, తను తాగడం లేదు. చలమలో ఊట చిక్కిపోయింది. ఇవాళ మధ్యాహ్నం తోడుతూ తోడుతూ అలాగే గుంట అంచు మీదకి ఒరిగింది. చెంచి కాసేపు కొంగు లాగింది. తర్వాత చిప్ప తీసుకుని తనే తోడి, తల్లి పెదాల మీద పోసింది. నీళ్ళు ఇసకలోకి జారాయి. మళ్ళీ తోడింది. ఎంతసేపు చేసిందో! ఆ నీళ్ళు నువ్వు తాగవే తల్లీ అని నేను అద్దానికి నుదురు కొట్టుకున్నాను. అద్దం వేడిగా ఉంది.

సాయంత్రం దారిన పోయే ముసలాయన, ఆయన కొడుకు కలిసి పోలిని గట్టు వారన ఇసకలో పూడ్చారు. పిల్లని రమ్మన్నారు. రాలేదు. “మా నాయన ఈడే ఉండమన్నాడు,” అంది. వాళ్ళకి బతిమాలే ఓపిక లేదు. వాళ్ళని నేనేమీ అనను.

పోలి పేరున బకెట్టు వచ్చింది. పోసుకున్నాను. మొదటిసారి స్నానం పని చెయ్యలేదు. తల తుడుచుకుని, మళ్ళీ కిటికీ ముందు కూర్చుని ఏడ్చాను. మస్తాన్‌బీ నా జుట్టు ఆరబెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.


ఆషాఢం, చీకటి రోజులు

ఈ పేజీ రాయడానికి రెండు రోజులు పట్టింది.

చెంచి ఆ తర్వాత చాలా రోజులే నెట్టుకొచ్చింది. దారిన పోయేవాళ్ళు ఒకరిద్దరు చింతగింజలు పెట్టారు. చలమ తోడేది. అచ్చం తల్లిలాగే, “మా నాయన కనపడ్డాడా? ఒక చెవికి పోగుండదు,” అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. తర్వాత లేవడం మానేసింది. మొన్న సాయంత్రం చలమ పక్కన, మొహం పైకి పెట్టి పడుకుంది.

సాయంత్రం నుంచి మర్నాడు ఎండ పడేదాకా కదలిక లేకపోతే చావు కింద రాయాలని నిబంధన. నేనూ మస్తాన్‌బీ వంతులవారీగా చూశాం. కదలలేదు. తెల్లవారింది గానీ ఎండ రాలేదు. దానికి బదులు బొమ్మ మసకబారడం మొదలుపెట్టింది. ఇసక బూడిద రంగుకి తిరిగింది, గట్టు మీది తుమ్మచెట్టు కనిపించకుండా పోయింది. ట్యాంకు అడుగంటిందనుకున్నాను. ఇన్నేళ్ళుగా కిటికీ మసకబారితే అర్థం అదొక్కటే. ఇంకో కారణం ఉంటుందని బుర్రకి తట్టలేదు.

నిజం రాస్తున్నాను. అప్పటికి నేను అలసిపోయాను. ఆ పిల్లకి ఇక చాలు, అయిపోతే బాగుండునని కోరుకున్నాను. కిటికీ ఆరిపోయేలోగా రాసేస్తే కనీసం ఒకరు నీళ్ళు పోసుకున్నవాళ్ళం అవుతామనుకున్నాను. ఎండ కోసం ఆగలేదు. మస్తాన్‌బీని పంపు చూడమని పంపించి, చెంచి చావు నమోదు చేశాను. కచేరీ వెంటనే అందుకుంది. ఇల్లు ఖాళీ, మైల తీరగానే కిటికీ కట్టేస్తాం అని జవాబు పెట్టింది. బకెట్టు తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళాను.

మొదటి చెంబు పోసుకున్నాను. చెంచి, గంగన్న కూతురు, పోలి కూతురు అని పేరు చెప్పాను. బకెట్టు ఖాళీ అయ్యేసరికి తలుపు విరిగిపోయేలా బాదుతోంది మస్తాన్‌బీ.

“ట్యాంకు నిండుగానే ఉందే! మబ్బే, అది మబ్బు! వాన పడతంది! పిల్ల నోరు తెరిసిందే, తాగతంది! నాలిక బయట పెట్టి తాగతంది! రాయే!”

తడి చీరతోనే పరుగెత్తాను. గది నిండా వాన చప్పుడు. ఆ చప్పుడు నేను విన్నాను, అంతవరకూ దక్కింది. నేను గుమ్మం దాటేసరికి ఎదురుగా ఉన్నది నల్లటి పలక. చప్పుడు కూడా మధ్యలో తెగిపోయింది.

మస్తాన్‌బీ నా రెండు భుజాలూ పట్టుకుని చూసింది చూసినట్టు చెప్పింది. మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పింది. ముందు కనురెప్ప మీద చినుకు పడిందట. పిల్ల మొహం చిట్లించిందట. తర్వాత నోరు. తర్వాత ఒక చెయ్యి ఎత్తి, చినుకులు పట్టబోయిందట.


ఆషాఢం చివర

కిటికీ లేదు. అక్కడ ఇది ఎన్నో రోజో లెక్క కోసం పైన తేదీ వేస్తున్నాను, అంతే.

దేవసహాయం గారికి ఫోను చేశాను. “చెంచి చావు నమోదు వెనక్కి తీసుకుంటున్నానండీ.”

ఆయన జాలిగానే మాట్లాడాడు. అది మరీ భరించలేకపోయాను.

“తీసుకుంటే కిటికీ తెరుచుకోదండీ. అది మీకు నాకంటే బాగా తెలుసు. పైగా చావు లేకుండా మైలనీళ్ళు వాడారని పడుతుంది. మీ తాగునీళ్ళలో కోత వేస్తారు. వాళ్ళ లెక్కలో అది ఎప్పటికి తీరుతుందో నేను చెప్పలేను. ఎందుకు చెప్పండి? ఆ పిల్ల ఆ సాయంత్రమే పోయి ఉండవచ్చు. పోనీ బతికిందనుకోండి, ముసలిదై పోయిందనుకోండి. ఎలాగూ ఎప్పుడో పోయినదే కదా?”

“ఆ ఎప్పుడో అన్నది నేను చూడలేదండీ.”

“భ్రమరాంబగారూ...”

“నేను చూసినంతలో, విన్నంతలో ఆ పిల్ల బతికే ఉంది. వాన నీళ్ళు తాగుతోంది. మస్తాన్‌బీ సాక్షి. రాసుకోండి.”

రాసుకున్నాడు. కాగితం మీద కలం కదిలే చప్పుడు వినిపించింది.

మస్తాన్‌బీ నన్ను ఓదార్చబోయింది. బతికుండగా చావు కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందని మీవాళ్ళే అంటారుగా, నువ్వు స్నానం చేసి దాని ఆయుష్షు పెంచావే అంది. తల ఊపాను. ఆ వానతో దారి బురదై ఉంటుంది. కడుపులో ఏమీ లేకుండా తడిసిన పిల్లకి జ్వరం వస్తుంది. ఆ తలపాగావాడు మళ్ళీ అటు వచ్చి ఉంటాడు. గంగన్న వచ్చి ఉంటాడా? నాలుగూ ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ఏదీ నిలబడదు. చెంచి నిజంగా పోయిన రోజు ఏదో నాకు ఎప్పటికీ తెలియదు. ఆ రోజు ఎవరూ ఆమె పేరున నీళ్ళు పోసుకోరు. నేను పోసుకోవలసిన నీళ్ళు ముందే ఒలికిపోయాయి.

కోత ఇవాళ పొద్దుటి నుంచి మొదలైంది. నా గ్లాసులో సగమే వచ్చింది. మస్తాన్‌బీ తన గ్లాసు నా వైపు తోసింది, నేను వెనక్కి తోశాను. మధ్యాహ్నానికి నాలిక పిడచకట్టుకుపోయింది. రాత్రి భోజనం వేళకి మాట బొంగురుపోయింది. రేపూ ఇంతే, ఎల్లుండీ ఇంతే. ఈ కోత పడుతున్నన్నాళ్ళూ కచేరీ కాగితాల్లో చెంచి చావలేదు.

సగం గ్లాసూ ముందు పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను. తర్వాత నోరు తెరిచి, కొంచెం కొంచెంగా తాగాను.